మన అల్మారా వెనక ఎంత పొగ ఉంది? ప్లైవుడ్, ఎండీఎఫ్ తయారీ కథ

పోయిన ఎపిసోడ్‌లో ఇటుకల గురించి మాట్లాడుకున్నాం కదండీ, బట్టీ ఇటుకకీ బూడిద ఇటుకకీ తేడా. అది విన్నాక ఖమ్మం నుంచి ఒక అక్క ఫోన్ చేశారు. ఇల్లు స్లాబు అయిపోయిందట, ఇక చెక్క పని మొదలుపెట్టాలట. "టేకు పెడితే అడవి పోతుందంటారు, ప్లైవుడ్ అంటే కెమికల్ అంటారు, ఎండీఎఫ్ అంటే చెత్త అంటారు. పర్యావరణానికి ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పమ్మా" అన్నారు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే ఈ ఎపిసోడ్.

ముందే ఒక విషయం చెప్పేస్తాను. ఈ సంగతి నాకు పుస్తకంలో చదివిన సబ్జెక్టు కాదు. మా నాన్న వడ్రంగి. నేను ఇరవై ఏళ్లుగా విజయవాడ చుట్టుపక్కల ఇళ్లకి ఇంటీరియర్ పనులు చేయిస్తున్నాను. అంటే నాన్న చేతుల్లో టేకు, మద్ది, వేప చూశాను. నా చేతుల మీదుగా కొన్ని వేల షీట్ల ప్లైవుడ్డూ ఎండీఎఫ్పూ వెళ్లాయి. ఇందులో నా తప్పులు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

నాన్న చివరి వరకూ ప్లైవుడ్ ముట్టుకోలేదు. ఉలి, బాడిస, చిత్రిక, రంపం, అంతే ఆయన సామాను. "అది చెక్క కాదమ్మలూ, చెక్కకి వేసిన అట్ట" అనేవారు. నాకు కోపం వచ్చేది. ఎందుకంటే అప్పటికే అందరూ షీటు పనికే వస్తున్నారు, నాన్న పని తగ్గిపోతోంది. కానీ నాన్న గొప్పగా చెప్పుకునే ఆ టేకు దూలాలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే ఆయన దగ్గర కూడా జవాబు లేదు. సామిల్లు నుంచి వచ్చాయి అనేవారు. సామిల్లుకి ఎక్కడి నుంచి వచ్చాయి? అడవి నుంచి. అంటే చెక్క ఒరిజినల్ అయినంత మాత్రాన మన లెక్క తేలిపోదు.

మొదట కొంచెం లెక్క చూద్దాం, భయపడకండి. ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కార్బన్. ఆ కార్బన్ అంతా చెట్టు గాలిలోంచి తీసుకున్నదే. కార్బన్ బరువుని 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంది. మీ వడ్రంగి తెచ్చే 8 అడుగులు, 4 అడుగులు, 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ షీటు ఒకటి తూకం వేస్తే సుమారు 40 కిలోలు ఉంటుంది. అందులో జిగురు, తేమ తీసేస్తే చెక్క 33 కిలోలు అనుకోండి. అంటే ఆ ఒక్క షీటులో సుమారు 60 కిలోల కార్బన్ డయాక్సైడ్ బందీగా ఉన్నట్టు. ఒక కిచెన్, రెండు వార్డ్‌రోబులు చేయిస్తే ఇరవై షీట్లు అవుతాయి. అంటే టన్ను పైనే.

అదే సిమెంటు చూడండి. క్లింకర్ ఒక టన్ను తయారు కావాలంటే 800 కిలోల పైన కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. సున్నపురాయిని కాలిస్తే ఆ రాయిలోంచే గ్యాస్ వస్తుంది, పైగా కాల్చడానికి బొగ్గు. అందుకే ప్రపంచంలో చాలామంది చెక్కతో కట్టండి, చెక్క మంచిది అంటున్నారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట చెప్పేటప్పుడు మూడు సంగతులు పక్కన పెట్టేస్తారు. చెట్టు ఎక్కడిది? జిగురు ఎక్కడిది? ఆ షీటు ఎన్నేళ్లు బతుకుతుంది?

చెట్టుతో మొదలుపెడతాను.

మన దేశంలో ప్లైవుడ్ మొదట పెరిగింది అస్సాం వైపు. తేయాకు ఎగుమతి చేసే పెట్టెల కోసం. అక్కడి అడవుల్లో మాను లావుగా ఉండే చెట్లు ఉండేవి, లాగి పొర తీయడానికి బాగా పనికొచ్చేవి. దశాబ్దాల పాటు అదే నడిచింది. 1988లో జాతీయ అటవీ విధానం వచ్చింది. పరిశ్రమలకి కావలసిన కలప అడవి నుంచి చవగ్గా ఇవ్వకూడదు, రైతుల పొలాల్లో పెంచుకుని తెచ్చుకోవాలి అని అందులో రాశారు. రాశారు గానీ నరకడం ఆగలేదు.

తర్వాత నీలంబూరు పాత జమీందారీ కుటుంబానికి చెందిన గోదవర్మన్ తిరుముల్పాడ్ అనే పెద్దాయన 1995లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. నీలగిరుల్లో గూడలూరు దగ్గర చెట్లు కొట్టేస్తున్నారని ఆయన బాధ. ఆ కేసులో 1996 డిసెంబర్ 12న ఒక ఆర్డర్ వచ్చింది. దేశంలో అడవి అంటే ఏమిటో కొత్తగా చెప్పిన ఆర్డర్ అది. అరుణాచల్‌లో తిరప్, చాంగ్లాంగ్ జిల్లాల్లోనూ, ఆ సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపు అస్సాంలోనూ ఉన్న సామిల్లులు, వెనీర్ మిల్లులు, ప్లైవుడ్ మిల్లులు అన్నీ మూసేయమన్నారు. ఈశాన్య రాష్ట్రాల నుంచి కలప బయటికి రాకుండా ఆపేశారు. ఒక్క ఆర్డర్‌తో ఒక పరిశ్రమ మ్యాపే మారిపోయిందండీ.

ఎక్కడికి మారింది? హర్యానాలో యమునానగర్‌కి. అక్కడ రైతులు గోధుమ పొలాల గట్ల మీద పోప్లార్ చెట్లు పెంచుతున్నారు. కేరళలో పెరుంబావూరుకి, అక్కడ పాలు ఆగిపోయిన రబ్బరు చెట్లు ఉన్నాయి. మన దగ్గరేమో సుబాబుల్, జామాయిల్, సరుగుడు. భద్రాచలం పేపర్ మిల్లు వాళ్లు 1980ల చివర నుంచి జామాయిల్ క్లోన్లు చేసి రైతులకి ఇస్తూ వచ్చారు. భద్రాచలం క్లోన్లు అంటే వేరే రాష్ట్రాల్లో కూడా తెలుసు. ఇప్పుడు తిరుపతి జిల్లాలోనూ, కడప జిల్లా బద్వేలు దగ్గరా పెద్ద పెద్ద ఎండీఎఫ్ ఫ్యాక్టరీలు వచ్చాయి. పేపర్ మిల్లు కొనే కర్రనే వీళ్లూ కొంటారు.

మా బావగారు ప్రకాశం జిల్లాలో ఏడు ఎకరాల్లో సుబాబుల్ వేశారు. ఆయన్ని అడిగాను, "బావగారూ, మీ చెట్టు కొడితే అడవి పోయినట్టా, పోనట్టా?" అని. ఆయన నవ్వారు. "ఇక్కడ అడవి ఎక్కడుంది అమ్మాయ్, పొగాకు వేసి అప్పుల పాలైన చేను ఇది. కర్ర వేస్తే కనీసం నీళ్లు కట్టే పని లేదు, కూలీల కోసం తిరిగే పని లేదు" అన్నారు. కొట్టిన మోడు నుంచే మళ్లీ చిగురు వస్తుంది, మూడు నాలుగేళ్లలో మళ్లీ కోత. ఆయన బాధంతా రేటు గురించే. కొనేవాళ్లు తక్కువ మందే ఉంటే వాళ్లు చెప్పిందే ధర. ఇంకో ఫ్యాక్టరీ వస్తే ఆయనకి సంతోషం. పర్యావరణం అని మనం మాట్లాడేటప్పుడు ఈ మనిషిని మర్చిపోకూడదు. అడవి మీద చెయ్యి పడకుండా ఆపుతున్నది చట్టం ఒక్కటే కాదు, ఇలాంటి రైతు చేను కూడా.

అలాగని అంతా బాగుందని కూడా అనను. జామాయిల్ నీళ్లు తోడేస్తుందన్న గొడవ ఉంది. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా జామాయిల్ తోటలు వేయడమే నిషేధించింది. బోర్లు ఎండిపోతున్న ప్రాంతంలో పక్క రైతు చేనుకి దాని వేళ్లు చేసే నష్టం నిజమే. ఎక్కడ వేస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీ ప్లైవుడ్ షీటు లోపల ఉన్న పొరలు మన ఊరి జామాయిల్ కావచ్చు, పోప్లార్ కావచ్చు. కానీ పైన కనిపించే ఎర్రటి పలుచని పొర ఉంది చూడండి, ఫేస్ వెనీర్ అంటాం, అది మిల్లీమీటర్‌లో మూడో వంతు మందం కూడా ఉండదు. అది చాలా వరకు బయటి దేశాల అడవి చెట్టు. ఒకప్పుడు గర్జన్ అని బర్మా నుంచి వచ్చేది. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి మాన్లు ఎగుమతి చేయడం ఆపేసింది. ఆఫ్రికాలో గాబన్ అనే దేశం అంతకు ముందే, 2010లోనే ఆపింది. మాను పంపం, మా దగ్గరే పొర తీసి పంపుతాం అన్నారు. ఇప్పుడు ఒకుమే అని షాపులో చెప్తారే, అది గాబన్ వైపు చెట్టు. గుంటూరులో చేసిన అల్మారా తలుపు మీద భూమధ్యరేఖ దగ్గర అడవి ఉందన్నమాట. దాని మీద మనం మళ్లీ లామినేట్ అతికిస్తాం. కనపడని పొర కోసం అడవి చెట్టు! నా వృత్తిలో నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం ఇది.

సరే, చెట్టు అయింది. ఇప్పుడు ఫ్యాక్టరీకి వెళ్దాం. జిగురు దగ్గరికి.

నాలుగేళ్ల క్రితం నేను ఒక ప్లైవుడ్ యూనిట్‌కి వెళ్లాను. ఏ ఊరు, ఏ యూనిట్ అనేది ఇక్కడ అనవసరం. గేటు దాటగానే నేల మీద బట్టలారేసినట్టు వెనీర్ పొరలు ఎండలో ఆరేసి ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటుంది. మానుని వేడి నీళ్లలోనో ఆవిరిలోనో నానబెట్టి, లేత్ మీద పెట్టి తిప్పుతూ కత్తి ఆనిస్తారు. పెన్సిల్ చెక్కినట్టు పొర ఊడి వస్తుంది, కాకపోతే తెగకుండా మీటర్ల కొద్దీ. ఆ పొరల్ని ఎండబెట్టి, జిగురు రోలర్ల మధ్య నుంచి లాగి, ఒక పొర నిలువు ఒక పొర అడ్డం పేర్చి, వేడి ప్రెస్‌లో పెడతారు. మిగిలిన బెరడు, ముక్కలు, పొట్టు అన్నీ బాయిలర్‌లోకి. వాళ్లు కొనే బొగ్గు తక్కువ. ఎండకి ఆరబెడుతున్నారు కాబట్టి డ్రయర్ ఖర్చు కూడా మిగిలింది. ఇంధనం లెక్కలో చూస్తే ఆ చిన్న యూనిట్‌కి మంచి మార్కులే వేయాలి.

కానీ జిగురు రోలర్ దగ్గరికి వెళ్లేసరికి నా కళ్లు మండాయి. ఉల్లిపాయ తరిగినప్పుడు మండినట్టు కాదు, గొంతు కూడా పట్టేసింది. అక్కడ పని చేస్తున్న పిల్లలు, పిల్లలే అనాలి, ఇరవై ఏళ్లు ఉంటాయేమో, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు. మూతికి ఒక కండువా, అంతే. నేను దగ్గుతుంటే సూపర్‌వైజర్ అన్నారు, "రెండు రోజులు అలవాటైతే ఏమీ ఉండదు మేడమ్" అని.

ఆ మంట పేరు ఫార్మాల్డిహైడ్. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వీటిలో ఎక్కువగా వాడే జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. యూరియా అంటే మన పొలంలో చల్లే యూరియానే. అది అమ్మోనియా నుంచి వస్తుంది, అమ్మోనియా సహజవాయువు నుంచి. ఫార్మాల్డిహైడ్ మిథనాల్ నుంచి వస్తుంది, ఆ మిథనాల్ కూడా ఎక్కువగా సహజవాయువు నుంచి, లేదా బొగ్గు నుంచి. అంటే మనం చెట్టు అనుకుంటున్న షీటులో పదో వంతు బరువు దాకా గ్యాస్ బావి నుంచి వచ్చిందే. ఎండీఎఫ్‌లో ఈ వాటా ఎక్కువ, ప్రతి నార పోగుకీ జిగురు పూయాలి కాబట్టి. ఇందాకటి 40 కిలోల షీటులో మూడు నాలుగు కిలోలు జిగురే. చూడ్డానికి చిన్న వాటా, కానీ తయారీలో పడే పర్యావరణ భారంలో దాని వాటా బరువుకి మించి ఉంటుంది.

యూరియా మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. 2015లో ప్రభుత్వం యూరియా మొత్తానికీ వేపనూనె పూత తప్పనిసరి చేసింది గుర్తుందా? నేలలో నెమ్మదిగా కరగడం ఒక కారణం. రెండో కారణం, సబ్సిడీ యూరియా బస్తాలు దొంగదారిన ఫ్యాక్టరీలకి పోకుండా ఆపడం. అలా పోయే చోట్లలో ప్లైవుడ్ జిగురు ఒకటి. ఆ తర్వాత కూడా అలాంటి బస్తాలు పట్టుబడ్డ వార్తలు చదువుతూనే ఉన్నాం. సీజన్‌లో సొసైటీ ముందు చెప్పులు క్యూలో పెట్టి నిలబడే రైతుకి దక్కని బస్తా మన టీవీ యూనిట్‌లో గట్టిపడి కూర్చుని ఉండొచ్చన్నమాట.

ఎండీఎఫ్ ఫ్యాక్టరీ వేరే లోకం. అక్కడ మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ. కర్రని ముక్కలు చేస్తారు, కడుగుతారు, ఆవిరిలో ఒత్తిడి పెట్టి ఉడికిస్తారు, రెండు పళ్లెల్లాంటి డిస్కుల మధ్య నూరి దూదిలా చేస్తారు. అప్పుడే జిగురు కలుస్తుంది. తర్వాత పొడవాటి గొట్టంలో వేడి గాలితో ఎండబెట్టి, పరుపులా పరిచి, 200 డిగ్రీల దగ్గర నొక్కుతారు. ఇందులో నూరడానికి కరెంటు విపరీతంగా కావాలి, ఎండబెట్టడానికి వేడి కావాలి. వేడి చాలావరకు బెరడు, పొట్టు కాల్చి తెచ్చుకుంటారు, అది మెచ్చుకోవాల్సిందే. కరెంటు మాత్రం గ్రిడ్ నుంచి. మన గ్రిడ్‌లో పెద్ద భాగం ఇంకా బొగ్గే. అందుకే అదే ఎండీఎఫ్ షీటు నీటి కరెంటు ఉన్న దేశంలో తయారైతే ఒక లెక్క, మన దగ్గర తయారైతే ఇంకో లెక్క. ఇంటర్నెట్‌లో యూరప్ వాళ్ల అంకెలు తెచ్చి మన షీటుకి అతికించే వీడియోలు చూస్తే నాకు చిరాకు.

ఎండీఎఫ్‌ని సమర్థించేవాళ్ల మాటలో న్యాయం ఉంది. సన్న కర్ర, వంకర కర్ర, కొమ్మలు, ప్లైవుడ్‌కి పనికిరానివన్నీ అందులో వాడుకోవచ్చు. ప్లైవుడ్‌లో మానులో సగం దాకా షీటు కాకుండా పోతుంది. ఎండీఎఫ్‌లో బెరడు తప్ప దాదాపు అంతా వాడుకుంటారు. కాబట్టి ఒకటి కర్ర పొదుపు, ఇంకొకటి కరెంటు, జిగురు పొదుపు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మా పాప పదో తరగతికి వచ్చినప్పుడు తనకి వేరే గది ఇచ్చాం. నేనే చేయించాను, సొంత ఇల్లు కదా అని ఖర్చు తగ్గించాను. తెలిసిన షాపులో చవగ్గా వచ్చిన బోర్డు, మీద తెల్ల లామినేట్. లోపలి వైపులకి, వెనక పలకకి ఏమీ వేయలేదు, ఎవరు చూస్తారని. ఏప్రిల్‌లో పని అయింది. మేలో గది తలుపులు మూసి ఏసీ వేసుకుని చదువుకునేది. వారంలో కళ్లు ఎర్రబడటం, తలనొప్పి. నేను ఫోన్ ఎక్కువ చూస్తున్నావని తిట్టాను. సెలవలకి అమ్మమ్మ ఊరు వెళ్లింది, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. తిరిగొచ్చి వార్డ్‌రోబ్ తలుపు తీసి, "అమ్మా, ఇక్కడ తల పెట్టు" అంది. పెట్టాను. ఆ యూనిట్‌లో జిగురు రోలర్ దగ్గర వచ్చిన వాసన, అదే.

ఇరవై ఏళ్లు ఇతరుల ఇళ్లలో నేను ఎన్ని అలాంటి అల్మారాలు పెట్టించి ఉంటానో అని ఆ రాత్రి లెక్క వేసుకున్నాను.

అసలు ఏం జరుగుతుందంటే, యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు గట్టిపడ్డాక కూడా తేమకీ వేడికీ నెమ్మదిగా విడిపోతూ ఉంటుంది. ఫార్మాల్డిహైడ్ వాయువు బయటికి వస్తూ ఉంటుంది, నెలలు, ఏళ్లు కూడా. వేడి పెరిగితే ఎక్కువ, తేమ పెరిగితే ఎక్కువ. అంటే విజయవాడ మే నెలా, కాకినాడ ఆగస్టూ దానికి పండగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ని మనుషులకి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గుంపులో చేర్చింది. చెక్క పొట్టు ధూళిని అంతకు ముందే, 1995లోనే ఆ గుంపులో పెట్టింది. అంటే మా నాన్న పీల్చినదీ తక్కువదేం కాదు. ఇంటి గాలిలో ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు.

అమెరికాలో ఇది పెద్ద గొడవై చట్టం దాకా వెళ్లింది. 2005లో కత్రినా తుఫాను వచ్చి ఇళ్లు పోయినవాళ్లకి ప్రభుత్వం ట్రైలర్ ఇళ్లు ఇచ్చింది. చిన్న గది, చుట్టూ చవక బోర్డులు. జనం కళ్ల మంట, ముక్కులోంచి రక్తం అని మొత్తుకున్నారు. చివరికి వాళ్ల ఆరోగ్య సంస్థ 519 ట్రైలర్లలో గాలి పరీక్ష చేసింది. 2008లో ఫలితాలు వచ్చాయి. సగటున వంద కోట్ల పాళ్లలో 77 పాళ్లు ఉంది. అంటే ఇందాక చెప్పిన హద్దుకి దగ్గర దగ్గరగా సగటే ఉంది, కొన్నింటిలో అంతకు ఎన్నో రెట్లు. అదీ చలికాలంలో చేసిన పరీక్ష, ట్రైలర్లు వాడడం మొదలుపెట్టి రెండేళ్లయ్యాక. 2010లో చెక్క బోర్డుల ఫార్మాల్డిహైడ్ మీద వాళ్లు ప్రత్యేకంగా చట్టం చేశారు. యూరప్ వాళ్లు ఇంకా ముందుకెళ్లి, ఘనపు మీటరుకి 0.062 మిల్లీగ్రాములు అని హద్దు పెట్టారు, 2026 ఆగస్టు నుంచి అమలు.

మన దగ్గర? ఐఎస్ఐ గుర్తు ఉంది, ఈ మధ్య ప్లైవుడ్‌కీ బోర్డులకీ దాన్ని తప్పనిసరి చేస్తూ కేంద్రం ఆర్డర్లు తెచ్చింది. మంచిదే. కానీ షాపులో "ఈ షీటు ఈ1ఆ, ఈ0ఆ?" అని అడిగి చూడండి. ఈ1 అంటే ఫార్మాల్డిహైడ్ తక్కువ వదిలేది, ఈ0 అంటే ఇంకా తక్కువ, ఈ2 అంటే ఎక్కువ. నేను పది షాపుల్లో అడిగితే ఇద్దరు బిల్లు మీద రాసిచ్చారు. మిగతావాళ్లు "మంచి కంపెనీయే మేడమ్" అన్నారు. మంచి కంపెనీ అన్నది గ్రేడ్ కాదండీ.

మరి వాసన రాని జిగురు లేదా అంటే ఉంది. ఫినాల్ ఫార్మాల్డిహైడ్. షీటు అంచు చూస్తే పొరల మధ్య ముదురు ఎరుపు గోధుమ గీతలు కనిపిస్తాయి. మెరైన్ ప్లై అని అమ్మేది, ఐఎస్ 710, అందులో ఇదే. 72 గంటలు మరిగే నీళ్ల పరీక్షకి నిలబడాలి అది. ఈ జిగురు ఒకసారి గట్టిపడితే మళ్లీ విడిపోదు, అందుకే గాలిలోకి వదిలేది చాలా తక్కువ. కానీ ఫినాల్ పెట్రోలియం నుంచి వస్తుంది. తయారీలో కిలోకి పడే భారం యూరియా జిగురు కన్నా ఎక్కువే. చూశారా, ఒక చోట తగ్గితే ఇంకో చోట పెరుగుతుంది.

అయితే ఆ ఫినాల్‌లో కొంత భాగం బదులు జీడిగింజ తొక్క నూనె వాడొచ్చు. మన పలాస తెలుసు కదా, శ్రీకాకుళం జిల్లా, వీధి వీధికీ జీడిపప్పు బట్టీలు. ఆ తొక్కలో ఉండే నల్లటి, చెయ్యి కాలిపోయే నూనె. దాన్నుంచి వచ్చే కార్డనాల్ అనే పదార్థం ఫినాల్‌కి చుట్టమే. మన దేశంలో ప్లైవుడ్ జిగురు కోసం దీని మీద పరిశోధనలు జరిగాయి. పలాసలో పప్పు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు కాల్చే నూనె ఒక చోట పనికొస్తుందంటే నాకు చాలా ఇష్టంగా అనిపిస్తుంది. అమెరికాలో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కైచాంగ్ లీ అనే శాస్త్రవేత్త సముద్రంలో ఆల్చిప్పలు రాళ్లకి ఎలా అతుక్కుంటాయో చూసి సోయా పిండితో జిగురు చేశారు. 2005 నుంచి ఒక పెద్ద ప్లైవుడ్ కంపెనీ దాన్ని వాడుతోంది. 2007లో ఆయనకీ కంపెనీలకీ హరిత రసాయన శాస్త్రానికి ఇచ్చే పురస్కారం వచ్చింది. అంటే ఇదేదో రేపటి మాట కాదు, ఇరవై ఏళ్ల నాటి మాట. మన షాపుల దాకా రాలేదు, అంతే.

ఇక మూడో ప్రశ్న, ఎన్నేళ్లు బతుకుతుంది? నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఇదే ముఖ్యం. సుబాబుల్ చెట్టు పెరగడానికి నాలుగేళ్లు. దాన్ని షీటు చేసి పదిహేనేళ్లు వాడితే ఆ పొలంలో మళ్లీ మూడు నాలుగు సార్లు అంత కర్ర పెరుగుతుంది. మన ఇంట్లో ఉన్న కార్బన్ అంతసేపూ బయటికి రాదు. బాగుంది. కానీ సింక్ కింద చవక బోర్డు పెట్టి, మూడేళ్లకి నీళ్లు తగిలి బూరెలా ఉబ్బిపోతే? పీకి రోడ్డు మీద పడేస్తాం. ఎవరో చలిమంట వేస్తారు, లేదా చెత్తకుప్పలో తగలబడుతుంది. ఆ 60 కిలోలూ ఒక్క సాయంత్రంలో తిరిగి గాల్లోకి. లామినేట్, జిగురు కాలిన పొగ అదనం. ఎండీఎఫ్‌ని మళ్లీ ఎండీఎఫ్ చేయడం కూడా కష్టం, జిగురు నారని వదలదు. నాన్న చేసిన టేకు బీరువా తలుపుల్ని మా పిన్ని కిటికీలు చేయించుకుంది. షీటుకి ఆ రెండో జన్మ లేదు.

అందుకని ఖమ్మం అక్కకి నేను చివరికి చెప్పింది ఇది. అక్కా, తడి తగిలే చోట, సింక్ కింద, బాత్రూమ్ పక్క గోడకి, ఐఎస్ 710 ప్లై వేయించండి, ఖరీదైనా సరే. పొడిగా ఉండే తలుపులకి ఈ1 ఎండీఎఫ్ పెట్టుకోవచ్చు, బిల్లు మీద రాయించుకోండి. అన్ని అంచులకీ బ్యాండింగ్ వేయించండి, లోపలి వైపులకి కూడా లామినేట్ వేయించండి, కోసిన అంచు నుంచే వాయువు ఎక్కువ వస్తుంది. పని అయ్యాక కనీసం నెల రోజులు తలుపులన్నీ తీసి పెట్టి, ఫ్యాన్లు వేసి, ఆ తర్వాతే పిల్లల్ని పడుకోబెట్టండి. గృహప్రవేశం ముహూర్తం ముందుంటే చెక్క పని ఇంకా ముందుకి జరపండి. పాత ఇళ్లు పడగొట్టిన చోట టేకు గుమ్మాలు, దూలాలు అమ్ముతారు, ఒకసారి వెళ్లి చూడండి. వాటికి కొత్తగా చెట్టు కొట్టక్కర్లేదు. అన్నిటికన్నా ముందు, గదికి మూడు గోడల నిండా అల్మారాలు అవసరమా అని ఇంట్లో ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.

ఈ చివరి మాటకి అక్క నవ్వి, "మీ వ్యాపారానికే నష్టం కదమ్మా" అన్నారు. నిజమే.

మా పాప గదిలో ఆ బోర్డులు ఇంకా ఉన్నాయి. తీసేసి ఎవరికి ఇవ్వను? తీసి పడేస్తే ఇందాక నేను చెప్పిన లెక్కే నా మీదకి వస్తుంది. లోపలి వైపులన్నీ లామినేట్ వేయించి, అంచులు మూయించి, రెండు వేసవులు ఆ గది ఖాళీగా కిటికీలు తెరిచి వదిలేశాను. ఇప్పుడు అందులో నా ఫైళ్లు పెట్టుకుంటున్నాను. పాప హాల్లో నాన్న చేసిన బల్ల మీద చదువుకుంటోంది. దాని ఒక కాలు కొంచెం పొట్టి, కింద మడిచిన కాగితం పెట్టాం.

వచ్చే ఎపిసోడ్‌లో పలాస వెళ్తున్నాం. జీడి తొక్క బట్టీలో ఏమవుతుందో అక్కడివాళ్ల మాటల్లోనే విందాం.